బియ్యం సంచికి బదులు

ఒక్కడే చేసిండని ఎవలు రాయమన్నరు మీకు? పేపరోళ్లు రాసిండ్రు, కాలేజోళ్లు నమ్మిండ్రు, మైకు దొరికినోడల్లా స్టేజీ ఎక్కి గదే చెప్పిండు. ఇప్పుడు నల్ల బండ మీద చెక్కించి ఇంటికే పట్టుకొచ్చిండ్రు. 'కోరుట్ల గాలిమోటర్. రూపకల్పన, తయారీ, తొలి ప్రయాణం: గంగారాం.' సిగ్గనిపియ్యలేదా? ఆ ఇంట్ల ఆడమనిషిని ఒక్కమాటన్న అడిగిండ్రా? ఆమె పేరు రాజమణి. మీరు తాగిన చాయ కప్పులు కడిగింది ఆమెనే. కప్పు అందుకునేటప్పుడన్న ఆమె మొకం దిక్కు చూసుంటే తెలుస్తుండె.

ఆ బండ వరండ గోడకు ఒరిగి ఉన్నది. దాని ముందట్నే చాప మీద దుప్పటి మడతపెట్టి రాజమణి మొగని తెల్లంగి ఇస్త్రీ చేస్తున్నది. తెలంగాణ వచ్చిన నెల అది, ఊరంత ఇంకా గులాల్ రంగు పోలేదు. రేపు జగిత్యాలల గంగారాంకు సన్మానం. ఆయన చేసిన గాలిమోటర్ ను కాలేజి గేటు కాడ ఇనుప స్తంభం ఎక్కిస్తరట. స్తంభం మీద నిలవాలంటే రెక్కల నడుమ రంధ్రాలు కొట్టి రాడ్లు దింపాలె. రెక్కల కొసలు రోడ్డు మీదికి వస్తయట, వాటిని కోసెయ్యాలె. వెల్డింగ్ సాయన్న పగటిపూట వస్తనన్నడు. ఒకసారి కోస్తే ఇగ అది ఎగరది. బొమ్మే.

"కాలర్ గట్టిగ చెయ్యి. పోయినసారి మెత్తగ చేసినవు, ఫోటోల మెడ వంగినట్టు వచ్చింది," అన్నడు గంగారాం, బనీను మీద కుర్చీల కూసొని. "సాయన్నకు చాయ పెట్టు. కాలేజి నుంచి నలుగురు రావచ్చు, గిన్నె పెద్దది పెట్టు."

"రెక్కలు కొయ్యాల్నా?"

"కొయ్యకుంటే ఏం జేస్తవు? కొట్టంల ఎలుకలు కొరుకుతున్నయి. దాని పని అయిపోయింది."

ఎవల పని అయిపోయింది? అనుకున్నది రాజమణి. ఇస్త్రీ పెట్టెను చెంప కాడికి తెచ్చుకొని వేడి చూసింది. నీళ్లు చల్లి చూసే అలవాటు ఆమెకు లేదు. చెంపకే తెలుస్తది. అది అంగిల కాడ నేర్చిన విద్య కాదు, రెక్కల కాడ నేర్చింది. ఆ వేడి తగిలినప్పుడల్లా ఆమెకు సమ్మె నాటి దినాలు యాదికొస్తయి, గుండె ఒకదిక్కు తియ్యగైతది, ఒకదిక్కు మండుతది.

మూడేండ్ల కిందటి సకల జనుల సమ్మె. బస్సులు డిపోలల్ల పండుకున్నయి. బడులు బంద్, ఆఫీసులు బంద్, గంగారాం పాఠం చెప్పే కాలేజి బంద్. రోజు జగిత్యాల బస్సెక్కే మనిషి ఇంట్ల కూసున్నడు. పెండ్లి కాకముందు సంది ఆయనకు ఒకటే పిచ్చి, ఒక్క మనిషి కూసునే మోటర్ గ్లైడర్ చెయ్యాలని. పొడుగు సన్నటి రెక్కలు, ఎనక చిన్న ఇంజను. ఇంజను తోని మీదికి పోవాలె, పోయినంక బంద్ చేస్తే గద్ద లెక్క గాలి మీద పండుకొని రావాలె. పెండ్లైన కొత్తల పెట్టెలకెళ్లి గీతల కాయిదాలు తీసి ఎంత మురిసిపోయి చూపిచ్చిండో! ఇంకో సీటు ఏది అని ఆమెకు అడగబుద్ధి అయింది. కొత్త కోడలు, అడగలే.

సమ్మెల మొగోళ్లకు టైం దొరికింది. ఆడోళ్లకు పని పెరిగింది. ఇండ్లల్ల మొగోళ్లు, వాళ్ల కోసం వచ్చేటి మొగోళ్లు, పొద్దందాక చాయలు. మీదికెళ్లి రోడ్డు మీద వంటా వార్పు. అందరు పని బంద్ పెట్టిండ్రు గని పొయ్యికి బంద్ లేదు. ఇంట్ల పొయ్యి రోడ్డు మీదికి వచ్చింది, గంతే. వండింది రాజమణి తోటోళ్లు, ముద్ద నోట్ల పెట్టుకుంట ఫోటో దిగింది లీడర్లు. గని నిజం చెప్పాలె గదా, ఆ దినాలు మల్ల వస్తే బాగుండని ఆమెకు అనిపిస్తది. రోడ్డు మీద పొయ్యి కాడ నలుగురు ఆడోళ్లు కూసొని అత్తల మీద పాటలు కట్టి నవ్విన నవ్వు, ఆ నడిరోడ్డు మీద ఆడిన బతుకమ్మ, ఎవలకు జవాబు చెప్పకుంట ఇల్లు దాటిన పొద్దులు అంతకు ముందు లేవు, ఆ తర్వాత రాలే.

రెక్కలకు గుడ్డ కావాల్సి వచ్చింది. విదేశం గుడ్డ అన్నడు గంగారాం. "మా తంగళ్లపల్లి గుడ్డ ఏమైంది?" అన్నది రాజమణి. ఆమె నాయిన చిన్నయ్య సిరిసిల్ల సాంచల మీద బతికినోడు. సాంచ అంటే కరెంటు మగ్గం. ఇంటింట అవే, పొద్దుమాపు టకటక మోత. ఆ మోతల పుట్టింది, ఆ మోత లేకుంటే చిన్నప్పుడు నిద్ర పట్టకపోయేది. నాయిన సన్నటి పాలిస్టర్ తాను ఏరి పెట్టిండు. బస్సులు లేవు. ట్రాలీ ఆటోల గుడ్డ తాను మీద కూసొని తంగళ్లపల్లి నుంచి కోరుట్ల దాంక వచ్చింది. ప్రతి మూల మీద రాస్తారోకో. వేములవాడ దాటినంక పోరగాళ్లు ఆటో ఆపిండ్రు.

"ఏందక్కా గా తాను?"

"గాలిమోటర్ కు."

"గాలిమోటర్ కు అంగి కుడ్తున్నవా?"

"అంగి కాదురా, రెక్కలు."

"అయితే తెలంగాణ వచ్చినంక మమ్ముల అండ్ల ఎక్కియ్యాలె మల్ల!"

"ఒక్కలకే జాగ ఉన్నది."

"ఆ ఒక్కలు ఎవలు?"

"మా ఆయన," అన్నది. జై తెలంగాణ అనిపిచ్చుకొని వదిలిపెట్టిండ్రు. ఎంత సల్లగ అన్నది ఆ మాట! ఇప్పుడు యాది చేసుకుంటే తన నోరు తనకే పరాయిదనిపిస్తది.

ఇంటెనక కొట్టంల ఒకప్పుడు బీడీ ఆకు నిలవ పెట్టేటోళ్లు. ఆ ఆకు వాసన ఎంత ఊడ్చినా పోదు. అండ్లనే రెక్కలు లేచినయి. గుడ్డను ఎముకలసొంటి కమ్ములకు అతికిచ్చి దబ్బనం తోని కుట్టింది రాజమణి. వేళ్లు చిల్లులు పడ్డయి. కుట్టినంక ఇస్త్రీ పెట్టాలె. వేడి తగిలితే గుడ్డ ముడుచుకొని బిగుస్తది. తక్కువైతే ముడత, ఎక్కువైతే చిల్లు. ఆపైన రంగు పూతలు, అవి కూడ ఆమె చేతివే. బిగిసినంక వేలు తోని కొడితే డప్పు తీర్గ మోగాలె. బయట రోడ్డు మీద డప్పు, లోపల రెక్క మీద డప్పు. గంగారాం చెవి పెట్టి విని, "బాగ మోగుతున్నది," అన్నడొకసారి. ఆమె పెండ్లైనంక ఆయన నోట విన్న మెచ్చుకోలు గదొక్కటే, అది కూడ గుడ్డకు.

అన్ని కూడినంక ఇంజను ఎక్కడ బిగియ్యాల్నో తేలాలె. సీటు ముందట, ఇంజను ఎనక. రెండు తక్కెడ లెక్క సరితూగితేనే గాలిమోటర్ సక్కగ ఉంటది. ముందట బరువెక్కువైతే ముక్కు లేవది. గందుకు మొత్తం గాలిమోటర్ ను గొలుసు తోని కొట్టం దూలానికి వేలాడదీసిండ్రు. సీట్ల మనిషంత బరువు పెట్టి, ఇంజనును ముందుకెనక్కు జరుపుకుంట, గంగారాం దూరం నిలబడి నీళ్ల గొట్టం పట్టి మట్టం చూడాలె. సీట్ల తనే కూసుంటే మట్టం ఎవలు చూస్తరు?

"నా అంత బరువుండేటట్టు బియ్యం సంచి పట్టుకరా," అన్నడు రాజమణితోని.

అరుగు మీద బీడీలు చుడుతున్న అత్త లచ్చవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "ఏమన్నవురా? బియ్యం తీస్కపోయి కాళ్లు పెట్టే కాడ పెడ్తవా? అన్నపూర్ణ తల్లిని దూలానికి వేలాడదీస్తవా? ఇంట్ల మెతుకు పుడ్తదా ఇగ?"

"మరి ఏం పెట్టాలె అవ్వా?"

"కోడలున్నది గదా. గామెను కూసోవెట్టు. రికామిగనే ఉన్నది."

రికామిగ ఉన్న కోడలి చేతిల ఉతికిన బట్టల టబ్బు ఉన్నది. పొయ్యి మీద పప్పు ఉన్నది. బియ్యం కూసుంటే పాపం, కోడలు కూసుంటే పాపం లేదు. టబ్బు కింద పెట్టి వచ్చింది.

"నేను మీ అంత బరువు లేను గదా," అన్నది సీటెక్కుకుంట. "ఫరక్ రాదా?"

"ఆ ఫరక్ కు తర్వాత ఇనుము కట్టి చూస్త తియ్యి. కదలకుంట కూసో. సంచి ఏడనన్న మాట్లాడ్తదా?"

ఇంజను పట్టుకొని నిలబడ్డ సాయన్న నవ్విండు. రాజమణి కూడ నవ్వింది. అప్పుడు నవ్వే వచ్చింది మరి.

అట్ల ఎన్ని పొద్దులు కూసున్నదో. ఇంజను ఇంత జరుపుడు, మట్టం చూసుడు, మల్ల జరుపుడు. అత్త ముందట కాళ్లు జాపొద్దని ఆ ఇంటి కట్టు. ఆ సీట్లనేమో కాళ్లు జాపకుంటే కూసునుడు రాదు. అత్తింట్ల ఆమె కాళ్లు జాపుకొని కూసున్న మొదటి జాగ అది. ఎవలన్న పిలిస్తే, "గామెను కదిలియ్యకుండ్రి, మట్టం పోతది," అని గంగారామే అరిచేటోడు. కదలకుంట ఉండుడే పని అయింది ఆమెకు, ఇంత సుఖం ఉంటదా! తోక సక్కగ తిరుగుతున్నదా చూసేటందుకు ఆయన ఎనక నిలబడి చెప్తుండె. "కర్ర గుంజు. ఆఁ, ముక్కు లేస్తది. నూకు, దిగుతది. ఎడమ కాలు నొక్కు." ఒకసారి మడిమె పట్టుకొని పెడలు మీద తానే పెట్టిండు. ఆ చెయ్యి ఎంత మెత్తగుండె. పంచాదిలు లేవు, కూరల ఉప్పు ముచ్చట లేదు, గాలి ముచ్చట, గద్ద ముచ్చట, మేఘం కింద గాలి మీదికెట్ల లేస్తదన్న ముచ్చట. మొగడు పెండ్లాం తోని మాట్లాడిండు. కండ్లు మూస్తే దూలం పోయేది, పెంకులు పోయేటియి, మానేరు మీదికెళ్లి నాయిన ఇల్లు కనిపిచ్చేది.

ఇంజను మట్టం కుదిరిన కాడ సాయన్న వెల్డింగ్ కొట్టిండు. కట్టి చూస్తనన్న ఇనుము కట్టుడు గంగారాం మర్చేపోయిండు. బంద్ పిలుపు వచ్చింది మరి, తొందర. బంద్ నాడు రోడ్డు మీద పురుగు గూడ ఉండది. కోరుట్ల బయట కొత్తగ పోసిన బైపాస్, అద్దం లెక్క తార్రోడ్డు. ఒక కొసకు రాస్తారోకో పోరగాళ్లు బండరాళ్లు పెట్టిండ్రు. ఇంకో కొసకు వంటా వార్పు. నడుమ రోడ్డంత గంగారాందే.

కూసున్నడు. హెల్మెట్ పెట్టిండు. ఇంజను గయ్యిమన్నది. ఉరికింది, ఉరికింది, ముక్కు మాత్రం నేలకు మేకు కొట్టినట్టే ఉన్నది. కర్ర కడుపు దాంక గుంజినా లేవలే. బండరాళ్ల ముందట బ్రేకేసి ఆపిండు.

"సారూ, డిపోల బస్సులు బంద్ ఉన్నయి, గిదే తిప్పుండ్రి కరీంనగర్ దాంక!" అన్నడొకడు. రోడ్డంత నవ్వింది.

గంగారాం దిగిండు, మొకం కందిపోయింది. సూటిగ రాజమణి దిక్కు చూసిండు. "గుడ్డ బరువైంది. రంగు మీద రంగు పూయకని చెప్తే విన్నవా? ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే తగలవెడ్తరు."

అందరి ముందట. వేళ్లకు పడ్డ చిల్లులు అప్పటికింకా మానలే. ఆయన గ్లైడర్ అంటే గ్రాము గ్రాముకు ఏడ్వాలె అనేటోడు. ప్రతి బోల్టు బరువు చూసిండు, ప్రతి కమ్మి బరువు చూసిండు. పెండ్లాం బరువు ఎంత అని మాత్రం అడగలే. ఎవల బరువుకు కుదిరిన తక్కెడల ఎవలు కూసున్నరో ఆ రోడ్డు మీద ఆమె ఒక్కదానికే తట్టింది. చెప్తే ఎవలు వింటరు? సంచి మాట్లాడ్తదా?

"ఇంటికి తోలాలె," అన్నడు గంగారాం. "నేనీ రెక్క పట్టుకుంట, సాయన్న ఆ రెక్క పట్టుకుంటడు. నువ్వు సీట్ల కూసొని ఇంజను సన్నగ పెట్టి ఉంచు."

హెల్మెట్ తీసి ఆమె చేతిల పెట్టిండు. పెట్టుకున్నది, కాళ్లు జాపింది. గాలి ఎదురుంగ వస్తున్నది. కొంచెం దూరం పోంగనే ముక్కు తేలికైంది, నిద్ర లేచే పసిపిల్ల తల ఎత్తినట్టు ఎత్తుతున్నది, చేతికి తెలుస్తనే ఉన్నది. చెయ్యి జారి ఇంజను పెరిగిందని తర్వాత అందరికి చెప్పింది. జారలే. తెలిసే పెంచింది.

రెక్కలు పట్టుకున్నోళ్లు వదిలేసిండ్రు. చక్రం కింద గరగర ఆగిపోయింది. తుమ్మచెట్ల కొసలు కాళ్ల కాడికి వచ్చినయి. కింద వంటా వార్పు ఆడోళ్లు గంటెలు పట్టుకొని మీదికి చూస్తున్నరు, పొయ్యిల పొగ ఆమె కిందికెళ్లి పోతున్నది. పొయ్యిని మీదికెళ్లి చూసుడు ఆమెకు గదే మొదలు. ఎంత చిన్నగున్నది! గింత పొయ్యి కాడనా ఇంత జన్మ పోయింది? నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఇంజను మోతల రెండు కల్సిపోయినయి. రోడ్డు ఒడుస్తున్నదని ఇంజను తగ్గిచ్చింది, కర్ర మెల్లగ నూకింది. ఒక ఎగురు ఎగిరి, చక్రాలు నేలకు తాకినయి.

సాయన్న ఉరుక్కుంట వచ్చిండు. "అక్కా! లేచినవు గదక్కా! అచ్చం గద్దవే!"

గంగారాం కూడ ఉరుక్కుంట వచ్చిండు. వచ్చి ముందుగాల వంగి ముందు చక్రం పట్టి చూసిండు. "దీనికేం కాలే గదా," అన్నడు. రెక్క గుడ్డ మీద చెయ్యి పెట్టి, "అయితే గుడ్డ బరువు కాదన్నట్టు," అన్నడు. గంతే.

తెల్లారి పేపర్ల ఫోటో, వంటా వార్పు కాడికి వచ్చిన పేపరోడు దూరంకెళ్లి తీసింది. గాల్ల గాలిమోటర్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి. కింద 'ఆకాశంల గంగారాం'.

"నేను గదా అది," అన్నది రాజమణి.

"హెల్మెట్ ఉన్నది, వాళ్లకేం తెలుసు?"

"చెప్పుండ్రి మరి."

"ఏమని? నా పెండ్లాం చెయ్యి జారి ఎగిరిందనా? పర్మిషన్ లేదు, పోలీసోళ్లొస్తే ఠాణాకు నువ్వు పోతవా? నీ మంచికే చెప్తున్న. ఇద్దరం ఒకటే గదనే, ఎవల పేరైతేంది?"

"మొగని పేరు పెరిగితే ఎవల పేరు పెరిగినట్టు?" అన్నది అత్త, బీడీకి దారం చుట్టుకుంట.

ఎవల పేరైతేంది అన్నోడు మల్ల ఒక్కసారన్న ఆమె పేరు రాయియ్యలే. ఇంకోసారి కూసుంట అని ఆమె అడిగితే, "నీకేమన్న అయితే ఇంట్ల ఎవలు చేస్తరు?" అన్నడు. నీకేమన్న అయితే నేనెట్ల బతుకుత అనలే, ఇంట్ల ఎవలు చేస్తరు అన్నడు. తన బరువుకు ఇంజను జరపాలంటే వెల్డింగ్ అంత కోయాలె, కోస్తే ఫ్రేం బలం పోతది. ఆయన కూసుంటే ఎగరది, ఆమెను కూసోనియ్యడు. కొట్టంల పెట్టి మీద తాడిపత్రి పట్ట కప్పిండ్రు. ఇన్నేండ్లు కప్పే ఉన్నది. స్టేజీల మీద మాత్రం ఆయన ఎగురుతనే ఉన్నడు. ఊళ్లల్ల ఎవల రాజ్యం వాళ్లకని పాడిండ్రు, ఆమె కూడ గొంతు పోయేదాంక పాడింది. ఎవల సీటు వాళ్లకని ఒక్కడు పాడలే.

"అక్కా, చాయ పోస్తవా?"

సాయన్న వచ్చిండు. భుజానికి కోత మిషన్, చేతిల వైరు. కొట్టం దిక్కు నడిచిండు.

రాజమణి అంగి దిక్కు చూసింది. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, ఒక చెయ్యి కాలే. ఇస్త్రీ పెట్టె వైరు పీకింది. చాయ పెట్టలే. కొట్టంలకు పోయి తాడిపత్రి పట్టి గుంజింది. దుమ్ము లేచింది, దుమ్ముల ఇంకా ఆ బీడీ ఆకు వాసన. రెక్క మీద వేలు తోని కొట్టింది. మోగింది. ఎలుకలు కొరికిందంత ఓ మూలకు, అతుకేస్తే పోతది. సీటెక్కి కూసున్నది, కాళ్లు జాపింది.

"అంగి ఏదే?" అనుకుంట గంగారాం బనీను మీదనే వచ్చిండు. చూసి ఆగిండు. "ఏం చేస్తున్నవు? దిగు. నలుగురు వస్తున్నరు."

"రానియ్యుండ్రి. వాళ్లకే చెప్పాలె."

లచ్చవ్వ తలుపు కాడ నిలబడ్డది. "ఓ పిల్లా, గదేం కూసునుడు? మొగని ముందట కాళ్లు జాపుకొని!"

"ఇది గట్ల కూసునే సీటే అత్తా. నన్ను కూసోవెట్టుమన్నది నువ్వే. మంచి పని చేసినవు."

"ఏమైందే నీకు?" గంగారాం గొంతు తగ్గిచ్చిండు. "ఒక్కసారి, చెయ్యి జారి లేచినందుకా గిదంత?"

"చెయ్యి జారలే. నేనే లేపిన. మీరు కూసుంటే లేవదు, నేను కూసుంటే లేస్తది. మీరే నన్ను కూసోవెట్టి, మట్టం చూసి, నా బరువుకు చేసిండ్రు దీన్ని. మీకు తెల్వక చేసినా నాకోసమే చేసిండ్రు. గా మాట సాయన్నకు ఎరుక, మీకు గూడ ఎరుక."

సాయన్న మిషన్ కింద పెట్టిండు. సారు దిక్కు చూడలే. గంగారాం ఆ దూలం దిక్కు ఒకసారి చూసిండు, గొలుసు ఇంకా ఆన్నే వేలాడుతున్నది.

"ఇగ ఇనుండ్రి," అన్నది రాజమణి. "ఈ రెక్క మీద మిషన్ పడొద్దు. ఆ బండను కాలేజోళ్లకు వాపస్ పంపుండ్రి. తయారీ కాడ నా పేరు, తొలి ప్రయాణం కాడ నా పేరు చెక్కి తెమ్మనుండ్రి, లేకుంటే బండనే స్తంభం ఎక్కిచ్చుకొమ్మనుండ్రి. రేపు స్టేజీ మీద గదే మైకుల మీ నోటి తోనే చెప్పుండ్రి. పర్మిషన్ లేదంటిరి గదా, నేర్సుకునేటందుకు, ఎగిరేటందుకు ఏడ అడగాల్నో ఆడ అడుగుండ్రి, నా పేరు మీద అడుగుండ్రి. సాయన్నా, ఇంజను విప్పి తుడువు. పర్మిషన్ కాయిదంల ఎగిరే మనిషి బరువెంత అని తప్పకుంట అడుగుతరు. ఆ జాగ అందాజకు నింపొద్దు. అడుగుండ్రి నన్ను. ఇప్పుడే అడుగుండ్రి."